స్వయంశిక్షిత చిత్రకారులు - భావకధర్మము

ఇటీవలి చిత్రకళావిమర్శలలో స్వయంశిక్షితుఁడను విశేషణము తఱచుగాఁ గానవచ్చుచున్నది. కళాశాలలోఁ జదువక, గురువునొద్ద శుశ్రూష చేయక, తనంతఁ దాను గుంచె పట్టినవానికి ఈ పేరు పెట్టుచున్నారు. చూచుటకు నిర్దుష్టమైన పేరే. కాని కొంచెము పరిశీలించినచో నిందు రెండు చిక్కులు గలవు. మొదటిది: ఈ పేరు చిత్రమును గుఱించి యేమియుఁ జెప్పదు, చిత్రకారునకు లేనిదేదో దానినే చెప్పును. రెండవది: ఆ లేమి పెక్కుమందికి సమానమే యైనను, పేరు మాత్రము కొందఱికే తగిలింపఁబడుచున్నది. ఈ రెండు చిక్కులను విడఁదీసి, ఇట్టి చిత్రకారులకుఁ గళాలోకమున నుండవలసిన స్థానమెట్టిదో విచారించుట యీ వ్యాసమున కుద్దేశము.

ఈ ప్రశ్న మన సారస్వతమునకుఁ గ్రొత్తది గాదు. పోతనామాత్యుఁడు భాగవతపు గద్యలలోఁ దన్ను సహజపాండిత్యునిఁగాఁ జెప్పికొనినాఁడు. ఆ మాటను బట్టి యతఁడు చదువనివాఁడని తలఁచువారెవ్వరును లేరు. సంస్కృతభాగవతమును దెనిఁగించినవానికి సంస్కృతము రాదనుట యెట్లు? పాండిత్యము కలదు, అది వచ్చిన త్రోవ మాత్రము వేఱు. భారతమునందలి ఏకలవ్యుని కథయు నిట్టిదే. అతనికి విలువిద్యలోఁ గొఱఁత యేమియు లేదు. మట్టిబొమ్మను గురువుగా నిలుపుకొని చేసిన యభ్యాసము పాండవులకే యచ్చెరువు గొల్పినది. అతనికి లేనిది విద్య గాదు, ఆ విద్యతో నిలువఁదగిన చోటు. ద్రోణుఁడు మొదట నిరాకరించినదియు, పిదప బొటనవ్రేలు నడిగినదియు నా చోటును గుఱించియే.

లాక్షణికుల మతమును జూతము. మమ్మటుఁడు శక్తి, నిపుణత, అభ్యాసము అను మూఁటిని జెప్పి, ఇవి వేర్వేఱు హేతువులు గావనియు, మూఁడును గలిసి కావ్యమునకు నొకటే హేతువనియు నిర్ణయించెను. లోకమును, శాస్త్రములను, పూర్వకావ్యములను బరిశీలించుటచే నిపుణత కలుగును. తెలిసినవారి యుపదేశముతో నభ్యాసము సాగును. దీనిని జిత్రకళకు నన్వయించినచో, స్వయంశిక్షితునకు లోపించునది కడపటిదానిలో నొక భాగమైన యుపదేశము మాత్రమే. శక్తి లేనివాఁడు చిత్రకారుఁడే కాఁడు. లోకపరిశీలనము లేనివానికి వ్రాయుటకు వస్తువే యుండదు. అభ్యాసము లేనిచోఁ జేయి సాగదు. కావున నతఁడు శిక్ష లేనివాఁడనుట పొసఁగదు. ఉపదేష్ట లేనివాఁడనుటయే చెల్లును.

రాజశేఖరుఁడు కావ్యమీమాంసలో నింకొక మెట్టు ముందునకుఁ బోయెను. కవికిఁ గారయిత్రియను ప్రతిభ యున్నట్లే, చదువరికి భావయిత్రియను ప్రతిభ యుండవలెననెను. ఆ రెండవ ప్రతిభ లేనిచో మొదటిదాని ఫలము నేలపాలగును. భావకులను నాలుగు తెగలుగా విభజించి యతఁడు పెట్టిన పేర్లు నేఁటికిని బనికివచ్చును. ఏదియు రుచింపనివారు అరోచకులు. గడ్డితోఁ గూడ నన్నింటిని మ్రింగువారు సతృణాభ్యవహారులు. ఇతరుల గుణమును జూచి యోర్వలేనివారు మత్సరులు. వస్తుతత్త్వమును బట్టి తీర్పు చెప్పువారు తత్త్వాభినివేశులు. స్వయంశిక్షిత చిత్రకారులను లోకము చూచిన తీరును బరిశీలించినచో నీ నలుగురును వరుసగాఁ గానవత్తురు.

దానికి ముందొక భేదమును గుర్తింపవలెను. శ్రీకాళహస్తి కలంకారీ పనివారిని, చేర్యాల నకాషీలను స్వయంశిక్షితులలోఁ జేర్చి వ్రాయువారు కొందఱున్నారు. ఇది సరి గాదు. బట్టను గరక్కాయ కలిపిన పాలలో ముంచుట, బెల్లమును దుప్పుపట్టిన యినుమును నానవేసి నల్లరంగు తీయుట, పటికతో నెఱుపును నిలుపుట - ఇవి యెవ్వఁడును దనంతఁ దాను గనిపెట్టినవి గావు. తండ్రియో మేనమామయో గురువై, యేండ్ల తరబడి దగ్గఱ నుంచుకొని నేర్పినవి. పాఠశాల లేనంతమాత్రమున గురువు లేఁడని తలఁచుట, మన దేశమున విద్య నడచిన తీరు నెఱుఁగకపోవుటయే. స్వయంశిక్షితుఁడనఁగాఁ బాఠశాలయు, వంశగురువును రెండును లేనివాఁడు.

ఇఁక నరోచకుల మాట. ఫ్రాన్సు దేశమున లావాల్ పట్టణమున 1844లోఁ బుట్టిన హెన్రీ రూసో, పారిస్ నగరపు సుంకపుఠాణాలో నుద్యోగి. 1893లో నా కొలువు మాని చిత్రరచనకే యంకితుఁడయ్యెను. నిర్ణేతలుగాని బహుమానములుగాని లేని స్వతంత్ర చిత్రకారుల ప్రదర్శనమున 1886 మొదలు తన చిత్రములను నిలుపుచు వచ్చెను. జను లచ్చట గుమిగూడి నవ్వుచుండిరి. మనుష్యులు బొమ్మలవలె బిగుసుకొని యున్నారనియు, దగ్గఱ దూరముల భేదము తెలియదనియు నాక్షేపించిరి. ఆక్షేపణలో సత్యము లేకపోలేదు. కాని యతఁడు చదువును ద్వేషించినవాఁడు గాఁడు. లూవ్రు చిత్రశాలలోఁ బూర్వుల పటములకు నకళ్ళు వ్రాసికొనుటకు 1884లో ననుమతి పొందెను. పారిస్ వృక్షవాటికలోఁ జెట్లను బరిశీలించి, దేశము దాఁటకయే యుష్ణదేశపు టడవులను వ్రాసెను. మమ్మటుఁడు చెప్పిన లోకపరిశీలనము, పూర్వకృతిపరిశీలనము రెండు నిచ్చట నున్నవి.

అతఁడు 1897లో వ్రాసిన "నిద్రించు జిప్సీస్త్రీ" అను చిత్రమును జూడుఁడు. చంద్రుఁడు వెలుఁగు రాత్రి, ఇసుకనేల, చారలచీర కట్టిన యొక నల్లని స్త్రీ చేతికఱ్ఱను బట్టుకొనియే నిద్రించుచున్నది, ప్రక్కన తంత్రీవాద్యము, నీటికూజా, వెనుక నొక సింహము మూఁతి వంచి యామెను వాసన చూచుచున్నది. ఇసుక యామె బరువునకుఁ గ్రుంగలేదు. శరీరము నేలపై నానియు నాననట్లున్నది. శాస్త్రజ్ఞుఁడు దీనిని దోషమనును. కాని చీరచారలు, వాద్యపుఁదంత్రులు, సింహపుజూలు - ఈ మూఁటి గీతలును బటమంతయు నొక్క లయలో నడచుచున్నవి. నేల కానని యా శరీరము వలననే మన కిది జరిగినదా, స్త్రీ కలలోఁ గన్నదా యను సంశయము కలుగుచున్నది. సింహమునకు భయపడవలసిన చోట శాంతి కలుగుచున్నది. ఇట దోషమనఁబడినదే రసపోషకమైనది. రూసో యీ చిత్రమును దన స్వగ్రామమునకు విక్రయింపఁ దలఁచి 1898లో లావాల్ పురాధ్యక్షునకు వ్రాసెను, వారు గ్రహింపలేదు. 1939లో నది న్యూయార్కు ఆధునిక కళా మ్యూజియమును జేరెను. అరోచకులు నవ్విన చిత్రము మాఱలేదు. చూచిన కన్నులు మాఱినవి.

రెండవవారు సతృణాభ్యవహారులు. వీరు నవ్వరు, నెత్తిన బెట్టుకొందురు. అందువలననే వీరివలని కీడును గుర్తించుట కష్టము. ఫ్రెంచి చిత్రకారుఁడు జాఁ ద్యుబుఫే 1945లో స్విట్జర్లాండు చికిత్సాలయములు మున్నగువానిఁ దిరిగి, పిచ్చివారు, ఖైదీలు, ఏకాంతవాసులు వ్రాసిన చిత్రములను సేకరింప మొదలిడి, వానికి ముడికళ యను నర్థము వచ్చు పేరు పెట్టెను. 1948లో దానికై యొక సంఘమును స్థాపించెను. ఆ సేకరణము 1976 నుండి లొజాన్ నగరమున నొక మ్యూజియముగా వెలసియున్నది. ఆంగ్లవిమర్శకుఁడు రోజర్ కార్డినల్ 1972లోఁ దన గ్రంథమునకుఁ బెట్టిన పేరుతో వీరికి వెలుపలివారను బిరుదు స్థిరపడెను. ద్యుబుఫే చేసిన యుపకారము గొప్పది. అతఁడు లేనిచోఁ బెక్కు చిత్రములు చెత్తకుప్పలఁ గలిసియుండును.

అయినను ఆ సిద్ధాంతమున నొక ముల్లు గలదు. సంస్కృతి సోఁకకుండుటయే గుణమైనచో, సోఁకినంతనే గుణము పోవలెను. అట్లే జరిగినది. గాస్తోఁ షెసాక్ అను చెప్పులు కుట్టువాఁడు మొదట నీ సేకరణమున మాన్యుఁడై యుండెను. చదివిన చిత్రకారులతో నతనికిఁ బరిచయమున్నదను హేతువుచేఁ బిదప నతని చిత్రములు ప్రధానసేకరణము నుండి యనుబంధమునకు మార్పఁబడెను. చిత్రములలో దోషమేమియుఁ జూపలేదు. స్నేహమే దోషమైనది! గురువు దొరకకపోవుట మొదట నొక దురదృష్టము. ఇఁక గురువు దొరకఁగూడదనుట రెండవ దురదృష్టము. ఇట్టి మెప్పు చిత్రకారుని యెదుగుదలకు గోడ కట్టును.

పైఁగా సంస్కృతి సోఁకనివాఁడనఁదగిన మనుష్యుఁడు నిజముగా నున్నాఁడా? స్విట్జర్లాండున బెర్న్ నగరమునొద్ద వాల్డావు చికిత్సాలయమున 1895 మొదలు 1930లో మరణించువఱకు నున్న అడాల్ఫ్ వుల్ఫ్లీని జూడుఁడు. ఇరువదియైదువేల పుటలకు మించిన గ్రంథమును వ్రాసి, దానిని జిత్రములతోను, స్వకల్పితమైన స్వరలిపితోను నింపెను. అందు పత్రికలనుండి కత్తిరించిన బొమ్మలు, దేశవిదేశముల పేర్లు, పాటలు, లెక్కలు నున్నవి. ఇవి సంస్కృతి లేనివాని వ్రాతలు గావు. దొరికిన సంస్కృతినంతయు నాకలితోఁ దిన్నవాని వ్రాతలు. అతని వైద్యుఁడు వాల్టర్ మోర్గెన్‌తాలర్ 1921లో గ్రంథము వ్రాయుచు, రోగి పేరును దాఁచక, కళాకారుఁడని ముఖపత్రముననే ప్రకటించెను. ఆ కాలమున నది సాహసము. మోర్గెన్‌తాలర్ ఆ గ్రంథమున నొక మనుష్యునిఁ జూచెను. ద్యుబుఫే సిద్ధాంతము దాని స్థానమున నొక జాతిని నిలిపెను.

మత్సరులను గుఱించి యొక యుదాహరణము చాలును. మోరిస్ హర్ష్‌ఫీల్డు అను నాతఁడు న్యూయార్కున దుస్తులు, చెప్పులు చేయించి యమ్మి, వార్ధక్యమునఁ జిత్రములు వ్రాసెను. 1943లో ఆధునిక కళా మ్యూజియము అతని చిత్రములను బ్రదర్శింపఁగాఁ బత్రికలు పరిహసించినవి. ఆ సంవత్సరమే మ్యూజియముయొక్క సంచాలకుఁడు ఆల్‌ఫ్రెడ్ బార్ పదవి కోల్పోయెను. ఆ ప్రదర్శనము దానికొక కారణమని చరిత్రకారులు చెప్పుదురు. చెప్పులవర్తకుఁడు గోడమీఁదికి వచ్చుట కొందఱికి సహింపరానిదయ్యెను.

పై మువ్వురుగాక మఱియొక దోషము నేఁటి విమర్శలలోఁ బ్రబలియున్నది. అది జీవితకథతోఁ జిత్రమును గప్పివేయుట. అమెరికాలో అలబామా రాష్ట్రమున 1853 ప్రాంతమున బానిసగాఁ బుట్టిన బిల్ ట్రేలర్ కడు వృద్ధుఁడై, మాంట్‌గోమరీ పట్టణపు వీథిప్రక్కఁ గూర్చుండి, 1939 మొదలు 1942 వఱకుఁ బాఱవేసిన యట్టముక్కలపై వేయికి మించిన చిత్రములు వ్రాసెను. చార్లెస్ షానన్ అను యువచిత్రకారుఁడు వానిని భద్రపఱచెను. ట్రేలర్ 1949లోఁ గాలధర్మము నొందెను. 1982లో వాషింగ్టనున జరిగిన ప్రదర్శనముతో నతని కీర్తి వ్యాపించెను. 2018లో స్మిత్‌సోనియన్ సంస్థ యతని చిత్రములను బెద్దయెత్తున బ్రదర్శించెను. కథ కరుణరసభరితము. కథ చెప్పి ముగించిన వ్యాసములు కొల్లలు.

చిత్రములను జూచినచో వేఱొక విషయము తెలియును. షానన్ తెచ్చి యిచ్చిన శుభ్రమైన యట్టలకంటె మరకలతో, వంకరయంచులతో నున్న పాతయట్టలనే ట్రేలర్ మేలెంచెను. అట్టకు నొక మూల తెగియున్నచో గుఱ్ఱపు మెడయో, మనుష్యుని చేయియో యా తెగిన చోటికిఁ దగినట్లు వంగును. కొలబద్దవలె నొక పుల్లను బెట్టి గీతలు గీసి, యాకారములను గట్టి, వానిని నింపును. ఒక నల్లని గుండ్రనిరూపము నంచున నిలిపి, తక్కిన చోటంతయు వదలివేయును. ఆ వదలిన చోటే బరువు తూఁచును. ఇది నియమము, ఇది యభ్యాసము. ఎనుబదియేండ్లు దాఁటిన ముదుసలి మూఁడేండ్లలోఁ దనకొక లక్షణశాస్త్రమును గల్పించుకొనెను. దానిని వివరింపక, బానిసయైనను వ్రాసెనని మెచ్చుకొనుట మెప్పు గాదు. అది యతని పనిని జూడకుండుట కొక మర్యాదయైన సాకు.

ఇప్పుడు మొదటఁ జెప్పిన రెండవ చిక్కునకు వత్తము. రవీంద్రనాథ ఠాకూరు చిత్రకళాశాలలో శిక్ష పొందినవాఁడు గాఁడు. వ్రాఁతప్రతులలోఁ గొట్టివేఁతలను గలుపుచుఁ బోఁగా రూపములు పొడకట్టినవి. ఆఱుపదులు దాఁటిన పిదప నవి చిత్రములైనవి. 1930లోఁ బారిస్ నగరమున నతని ప్రథమప్రదర్శనము జరిగెను. రెండువేలకు మించిన చిత్రములు వ్రాసెను. రాజా రవివర్మకు మొదట నక్షరములు దిద్దించినది మేనమామయే. కాని తైలవర్ణరచనను 1868లో వచ్చిన థియొడోర్ జెన్సన్ అను నాంగ్లచిత్రకారుఁడు వ్రాయుచుండఁగాఁ జూచి గ్రహించినంతయే యని ప్రసిద్ధి. మన బాపు న్యాయశాస్త్రపట్టభద్రుఁడు. అతని గీతను జూచి తెలుఁగువారు పాఠశాల పేరు నడుగలేదు. వీరిలో నెవ్వరిని వెలుపలివారని పిలుచుట లేదు. ప్రత్యేకమైన గదులలో నుంచుట లేదు. ఉపదేశము లేమి వీరికిని, ట్రేలరునకును సమానమే. భేదము కులగోత్రములలో, ధనమున, వర్ణమున, పరిచయములలో నున్నది. కావున స్వయంశిక్షితుఁడను పేరు చదువును గుఱించినదివలెఁ గనఁబడుచు, సంఘమున మనుష్యుఁడు నిలిచిన మెట్టును జెప్పుచున్నది. నా వాదమున కిదియే కీలకము.

మన దేశమున నీ పేరు మఱియొక వేషము ధరించును. మధ్యప్రదేశమున పాటన్‌గఢ్ గ్రామమునఁ బుట్టిన జంగఢ్ సింగ్ శ్యామ్ ఇంటిగోడలపై వ్రాయుచుండఁగా, భోపాలు భారత్ భవనమును దీర్చిదిద్దిన చిత్రకారుఁడు స్వామినాథన్ పంపినవారు చూచి పిలుచుకొనివచ్చిరి. ఆ భవనము 1982లోఁ దెఱవఁబడెను. 1989లోఁ బారిస్ మహాప్రదర్శనమున నతని చిత్రములు నిలిచినవి. చుక్కలతో, సన్నని గీతలతో దేవతలను మృగములను నింపు నా పద్ధతిని జనులు గోండుల ప్రాచీనసంప్రదాయమని పిలుచుచున్నారు. కాని యతని పరధాన్ కులమువారి వంశవృత్తి వాద్యముతో గాథలు పాడుట. కాగితముపైఁ జిత్రములు వ్రాయుట గాదు. పాటలోని దేవతలకు రూపమిచ్చినవాఁ డతఁడే. నేఁడు పెక్కుమంది వ్రాయుచున్న యా పద్ధతిని జంగఢ్ కలము అని పేర్కొన్న విమర్శకులు తత్త్వము నెఱిఁగినవారు. ఒక వ్యక్తి సృష్టిని జాతి కంటఁగట్టుట గౌరవమువలెఁ దోఁచును; నిజమునకు సృష్టికర్త పేరును దుడిచివేయుట. జపానుదేశమున నొక మ్యూజియమునకై చిత్రములు వ్రాయుచు, 2001లో నతఁడు ప్రాణత్యాగము చేసికొనెను. అంత కీర్తిగల చిత్రకారునకుఁ బరదేశమున నంతటి యేకాకితనము సంభవించుట, కళాలోకము వీరికిచ్చు స్థానమును గుఱించి యెల్లరును దలఁచికొనవలసిన సంగతి.

నేక్ చంద్ కథ దీనికి వేఱైనది. దేశవిభజనానంతరము వచ్చి చండీగఢ్‌లో బాటల తనిఖీదారుగా నుద్యోగించినవాఁ డతఁడు. క్రొత్తనగరమునకై కూల్చిన పల్లెల శిథిలములను, పగిలిన పింగాణిని, గాజులముక్కలను, వంకరఱాళ్ళను నేరి, ప్రభుత్వపుటడవిలో ననుమతి లేకయే రహస్యముగా నొక లోకమును గట్టెను. అధికారులు కనుఁగొన్నపు డది కూలవలసినదే. కాని మన్నించి 1976లోఁ బ్రజలకుఁ దెఱచిరి. 1984లోఁ బద్మశ్రీ లభించెను. అతఁడు 2015లో మరణించెను. ఆ తోఁటలోని బొమ్మ నొక్కదానినే తీసి చిత్రశాలలో నిలిపినచో వింతబొమ్మయై మిగులును. వరుసలు తీరిన వందలబొమ్మలు, వంగి నడువవలసిన యిఱుకుద్వారములు, మలుపులు, జలపాతములు - వీనితోఁ గలిసినపుడే యది కావ్యము. సరళరేఖలతోఁ గట్టిన నగరమున కది వక్రరేఖలతోఁ జెప్పిన ప్రత్యుత్తరము. ఇట్టి కృతికి స్థానమిచ్చుటయనఁగా దాని చోటును గాపాడుటయే.

ఇచ్చట నొక పూర్వపక్షము గలదు. ప్రత్యేకమైన పేరు, ప్రత్యేకమైన గదులు లేనిచో నీ చిత్రకారులు బలవంతుల గుంపులో మఱుఁగుపడుదురు గదా. ఆ గదులే వారికి నీడ యిచ్చినవి గదా యని కొందఱందురు. ఈ మాట త్రోసివేయఁదగినది గాదు. లొజాన్ సేకరణము లేనిచో వుల్ఫ్లీయొక్క చెంతఁ బేర్కొనఁదగిన మఱికొందఱి పేర్లు మన చెవిఁ బడియుండవు. కాని నారుమడి యెంత యవసరమో, నాటు వేయుటయు నంత యవసరము. నారు మడిలోనే యుండిపోయినచో వెన్ను వేయదు. 2013లో వెనిస్ మహాప్రదర్శనమునకు, మోటారుబండ్లు బాగుచేయు మరీనో ఔరీతీ కట్టిన నమూనా పేరునే పెట్టి, చదివినవారి కృతులను జదువనివారి కృతులను గలిపి నిలిపిరి. ప్రక్కప్రక్కల నిలిచినపుడే తారతమ్యము తెలియును. అందుఁ గొన్ని నిలుచును, కొన్ని పడును. పడునవి పడుటయు న్యాయమే.

కావున తత్త్వాభినివేశి చేయవలసిన పనులు సులభముగనే చెప్పవచ్చును. చిత్రమును ముందు చూచి, కథను బిదపఁ జెప్పవలెను. కుల మేదైనను జాతి యేదైనను, చిత్రకారుని పేరు, కాలము, వాడిన వస్తువులు తక్కినవారికి వలెనే వ్రాయవలెను. తగిన వెల యీయవలెను. అతఁడు క్రొత్తది నేర్చుకొన్నచో సంతోషింపవలెను. దోష మున్నచో దోషమనవలెను. జాలిచేత మెచ్చుకొనుట యవమానముతో సమానము. గ్రామములలో బడిగోడలపైఁ గోవెలగోడలపై నెవ్వరును నేర్పకయే బొమ్మలు వ్రాయు బాలురు ప్రతి యుపాధ్యాయునకును దారసిల్లుదురు. వారిని నవ్వి చెఱుపవలదు; వింతగాఁ బొగడియుఁ జెఱుపవలదు. వ్రాసిన గీత యేల యట్లు వంగినదో యడిగి, విని, మఱియొక కాగిత మిచ్చుట చాలును.